ఇసుక పడుతున్నంతసేపు

ఒక జాతీయ రహదారిని మూడు నెలలపాటు ఒంటిచేత్తో ఆపిన మనిషిని నేను. చేతిలో ఆయుధమేమీ లేదు. ఒక రేకు డబ్బా, దాని నిండా ఇసుక. ఢిల్లీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. భిలాయిలో మా సెక్టారులో ఏ ఇంట్లో పేరంటం జరిగినా ఆడవాళ్ళు నా సంగతే మాట్లాడుకున్నారు.

ఇలా చెప్పడం నాకు అలవాటు. రిటైరైన మిత్రుల దగ్గర చెప్పి చెప్పి ఆ రోడ్డు పొడుగు కూడా కొంత పెంచాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనక సరిచేస్తాను. ఆగింది పదకొండు రోజులు. అదీ రహదారి మొత్తం కాదు, ఒక కల్వర్టు గోడ వెనక నలభై అడుగుల ముక్క. ఫోను దుర్గ్ నుంచి వచ్చింది, ఒక్కసారి. పేరంటాల్లో ఆ ఏడాది మాట్లాడుకున్నది ప్రెషర్ కుక్కర్ల గురించి. రేకు డబ్బా, ఇసుక మాత్రం నిజం. ఆ నలభై అడుగుల వల్ల ఒక మనిషికి ఉన్న మంచి పేరు పోయిందన్నదీ నిజం. ఆ ఒక్క సంగతీ నేనెప్పుడూ పెంచి చెప్పలేదు. అసలు చెప్పలేదు.

డెబ్భైల చివర్లో మాట. నేను స్టీలు ప్లాంటులో సివిల్ పనులవైపు, మట్టి పరీక్షలు చేసే ప్రయోగశాలలో ఇంజనీరుని. దుర్గ్ దాటాక కొత్తగా ఒక రహదారి వేస్తున్నారు. వేయిస్తున్న శాఖకి ఒక ప్రయోగశాల, వేస్తున్న కంట్రాక్టరుకి ఒకటి. ఆ ఇద్దరి కాగితాలూ కవల పిల్లల్లా ఉండేవి. అంతా బాగుంది, అంతటా బాగుంది. పైనున్నవాళ్ళకు అనుమానం వచ్చి, ఇద్దరికీ చెందని మూడోవాడు వచ్చి చూడాలన్నారు. ప్లాంటు వాళ్ళు నన్ను ఒక ఎండాకాలానికి అరువిచ్చారు.

ఉత్తర్వులో ‘స్వతంత్ర తనిఖీ అధికారి’ అని ఉంది. ఆ కాగితం మా ఆవిడకి మూడుసార్లు చూపించాను. మూడోసారి ఆవిడ పప్పు ఎనుపుతూ అంది:

“స్వతంత్రం అంటే ఏఁవిటండీ, ఇంటికెప్పుడొస్తారో చెప్పకుండా వెళ్ళిపోవడమా?”

“ఎవరి మాటా వినక్కర్లేదని.”

“అదైతే పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది కదా. ఇప్పుడు కాగితం ఇచ్చారన్నమాట.”

రోజూ జీపు వచ్చి నన్ను తీసుకువెళ్ళేదని ఇంతకు ముందు కొందరికి చెప్పాను. జీపు మొదటి రోజు వచ్చింది. తరవాత సుపేలాలో బస్సెక్కి దుర్గ్‌లో దిగేవాణ్ణి. అక్కణ్ణించి కంట్రాక్టరుగారి టిప్పరులో, డ్రైవరు బీడీ పొగలో, పరీక్ష సామాను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. తనిఖీ చెయ్యవలసినవాడు తనిఖీ చేయించుకునేవాడి బండి ఎక్కి వెళ్ళడంలో వింతేమీ కనబడలేదు నాకు. స్వతంత్రం మనసులో ఉంటే చాలనుకున్నాను.

మా పరీక్ష ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. రోడ్డు కింద మట్టి గట్టిగా కూరారో లేదో పైనుంచి చూస్తే తెలియదు. అందుకని చెంబు పట్టేంత గొయ్యి తవ్వుతాం. తీసిన మట్టిని తూస్తాం, పెనం మీద వేయించి తడి పోగొట్టి మళ్ళీ తూస్తాం. గొయ్యి ఎంత పెద్దదో తెలియడానికి దాని మీద రేకు డబ్బా పెట్టి, కింద మర తిప్పి, జల్లెడ పట్టిన ఎండు ఇసుకని వదులుతాం. ఎంత ఇసుక పడితే గొయ్యి అంత. ఆ గొయ్యికి ఎంత మట్టి వచ్చిందో చూస్తే మట్టి గట్టిదో గుల్లదో తేలుతుంది. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఒక నియమం ఉంది. ఇసుక పడుతున్నంతసేపూ నేల కదలకూడదు. దగ్గర్లో రోలరు తిరిగినా, లారీ వెళ్ళినా ఆగాలి. నేల అదిరితే ఇసుక సర్దుకుని కూర్చుంటుంది, పట్టవలసినదానికంటే ఎక్కువ పడుతుంది. గొయ్యి ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. గట్టి మట్టి కూడా గుల్ల మట్టిగా లెక్క తేలుతుంది.

ఈ నియమం నేను ప్లాంటులో కుర్ర ఇంజనీర్లకు పాఠంలా చెప్పేవాణ్ణి.

ఆ మంచి పేరున్న మేస్త్రీ నాకు రెండో వారంలో తగిలాడు. కొత్త రోడ్డు కొంతదూరం రైలు పట్టాల పక్కనే వెళుతుంది. గనుల నుంచి ఇనుపరాయి తెచ్చే గూడ్సు బళ్ళు ఆ పట్టాల మీదే నడిచేవి. అక్కడ ఒక వాగు మీద కల్వర్టు కడుతున్నారు. గోడ లేచింది, గోడ వెనక మట్టి కూరుతున్నారు. అలాంటిచోట రోలరు పట్టదు, దిమ్మిసలతో చేత్తో కొట్టాల్సిందే. నలుగురు ఛత్తీస్‌గఢీ ఆడకూలీలు దిమ్మిస వేస్తున్నారు. వాళ్ళకి వాళ్ళ భాషలోనే పని చెబుతూ, మధ్యలో తనలో తాను “ఓలమ్మ, ఇదేటి మట్టి, పిండిలాగున్నాది” అనుకుంటున్న మనిషిని చూసి ఆగిపోయాను.

“ఏ ఊరు మేస్త్రీ?” అన్నాను.

తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. “టెక్కలి కాడండి. బావుది ఏవూరు?”

“విజయనగరం.”

“అలగైతే మనోరే. ప్లాంటు పునాదుల్లోన పని సేద్దావని వొచ్చేనండి. పదేళ్ళు దాటిపోనాది. మాయావిడికి ఇక్కడి నీళ్ళు పడనేదు గానీ, నాకు బాగానే పడ్డాయి.”

అతని పని నిలబడి చూశాను. జానెడు మందాన మట్టి పరిపించి, నీళ్ళు చిలకరించి, కొట్టించి, చెప్పులు విప్పేసి ఆ మట్టి మీద మడమతో తట్టేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. నాకు నవ్వొచ్చింది.

“ఏం చెబుతోంది?”

“మట్టి పలకాల బావూ. పలకనేదంటే ఇంకా నాలుగు దెబ్బలు తినాల. మీ డబ్బా సెప్పిందే ఇదీ సెప్తాది. కాకపోతే దీనికి లెక్కలు రావు.”

ఆ నవ్వు, ఆ తెలుగు మాటలు కంట్రాక్టరు మున్షీ కంట్లో పడ్డాయి. పని చేయించి హాజరు రాసే మనిషి, నోరు మంచిది కాదు. మర్నాడు శాఖ తరపు అసిస్టెంట్ ఇంజనీరు ఎదుట, నాకు వినబడేలా అన్నాడు: “సాబ్ కే గావ్ వాలా నికల్ ఆయా. అబ్ తో పాస్ హీ పాస్.” సాబ్ ఊరివాడు దొరికాడు, ఇంక అన్నీ పాసే అని. అసిస్టెంట్ ఇంజనీరు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు రెండు వారాలు గుచ్చుకుంది.

ఇక్కడ మా భిలాయి తెలుగువాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మేము పరాయి చోట ఉన్నవాళ్ళం. ఏ ఆఫీసులోనైనా ఒక తెలుగు అధికారి ఒక తెలుగు గుమాస్తాకి సెలవు ముందుగా ఇస్తే, ‘ఆంధ్రావాలా ఆంధ్రావాలాకి చేసుకున్నాడు’ అనేవారు. అందుకని మా పెద్దలు మాకు నేర్పింది ఏమిటంటే, మనవాడైతే ఒక ముడి ఎక్కువ బిగించమని. నా పై అధికారి, శ్రీకాకుళం మనిషి, తన మేనల్లుడి దరఖాస్తు అందరి ముందూ తిప్పి పంపేసి, ఇంటికెళ్ళి అన్నం మానేశాడు. దాన్ని మేమంతా గొప్పగా చెప్పుకున్నాం. న్యాయం అంటే అదేనని అనుకున్నాం. మనవాడికి న్యాయంగా రావలసింది కూడా రాకుండా చేస్తే, మనం నిజాయితీపరులమని పరాయివాళ్ళు నమ్ముతారని.

కల్వర్టు వెనక పరీక్ష పెట్టిన రోజు ఎండ మండిపోతోంది. అసిస్టెంట్ ఇంజనీరు గొడుగు కింద నిలబడ్డాడు. మున్షీ అతని వెనక నీడలో ఉన్నాడు. నేను చోటు చూపించాను, గొయ్యి తవ్వారు, మట్టి తూచాను. మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా పెట్టాను. మర మీద చెయ్యి వేసేసరికి దూరంగా గూడ్సు బండి కూత వినబడింది.

మేస్త్రీ నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మెల్లిగా అన్నాడు:

“బావూ, బండెల్లిపోనీండి. నేలదురుద్ది.”

వెనక నుంచి మున్షీ గొంతు. “దేఖియే, సాబ్ కో రోక్ రహా హై. అప్నా ఆద్మీ హై, రుక్ జాయేంగే.” సాబ్‌ని ఆపుతున్నాడు చూడండి, తనవాడే కనక ఆగిపోతారు అని.

మర తిప్పాను.

బండి చప్పుడు వినబడలేదని, పనిలో మునిగిపోయానని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. వినబడింది. వినబడకపోయినా నా మోకాళ్ళకు తెలిసింది. ఇనుపరాయి నింపిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వెళుతూనే ఉన్నాయి. నా కింద నేల సన్నగా వణుకుతూనే ఉంది. డబ్బాలో ఇసుక దిగుతూనే ఉంది. మేస్త్రీ నా మొహం వంక చూస్తున్నాడని తెలుసు. నేను తల ఎత్తలేదు.

సాయంత్రం లెక్క తేలింది. ఉండవలసినదానికంటే మట్టి గుల్లగా ఉంది. ఫెయిల్.

మర్నాడు అందరి ముందూ చెప్పాను. మేస్త్రీ ఆ గొయ్యి దగ్గరికి వెళ్ళి పక్క మట్టిని మడమతో తట్టాడు. తరవాత, “అడుగవతల ఇంకో గొయ్యి తియ్యండి బావూ. ఇంకోపాలి సూడండి. మట్టి పలికింది, నాను ఇన్నాను,” అన్నాడు.

ఒకటి పోతే రెండోది చూడాలని మా నియమాల్లోనే ఉంది. అతను అడగకపోయినా చెయ్యాల్సింది. నేనన్నాను, “ఒక్కటి చాలు. నీకోసం రూలు మారదు.” ఆ మాట తెలుగులో అనలేదు. అక్కడున్నవాళ్ళందరికీ అర్థం కావాలని హిందీలో అన్నాను. మేస్త్రీకి హిందీ బాగానే వచ్చు. అయినా నేను హిందీలో అన్నానన్నదే అతనికి ముందు వినబడింది. మొహం చూస్తే తెలిసింది.

గోడ వెనక మట్టంతా తవ్వించమని ఉత్తర్వైంది. కంట్రాక్టరు మేస్త్రీని పనిలోంచి తీసేశాడు. దుర్గ్ నుంచి ఆ ఒక్క ఫోనూ అప్పుడే వచ్చింది. పెద్ద అధికారి, మంచి మనిషి. “తెలుగువాడై ఉండి తెలుగువాణ్ణి వదల్లేదు. స్వతంత్ర తనిఖీ అంటే ఇదీ,” అని హిందీలో మెచ్చుకున్నాడు. ఆవేళ సుపేలాలో దిగి పిల్లలకు జిలేబీ కొన్నాను.

ఆ పరీక్ష తప్పని నాకు ఎన్నో ఏళ్ళ తరవాత తెలిసిందని ఎవరైనా అడిగితే చెప్పాలనుకున్నాను. ఎవరూ అడగలేదు. నాకు తెలిసింది నాలుగో రోజునే. ఆదివారం పని లేదు. మట్టి సగం తవ్వారు, సగం అలాగే ఉంది. ఒక్కణ్ణే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను, కాళ్ళు తీసుకెళ్ళాయి. మిగిలిన సగంలో గొయ్యి తీశాను. పట్టాల మీద ఏమీ లేదు. ఇసుక వదిలాను. ఇంకోటి తీశాను. రెండూ పాసు, కావలసినదానికంటే ఎక్కువే. అతని మడమ సరిగ్గానే విన్నది.

ఆ లెక్కల కాగితం మడిచి డైరీలో పెట్టాను. సోమవారం ఇస్తాననుకున్నాను. సోమవారం మున్షీ నాకు వంగి నమస్కారం పెట్టాడు. అంతకు ముందెప్పుడూ పెట్టలేదు. కాగితం డైరీలోనే ఉండిపోయింది. మంగళవారానికి మిగిలిన సగం కూడా తవ్వేశారు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న మేస్త్రీ మా క్వార్టరుకి వచ్చాడు. మా ఆవిడ కుర్చీ వేసింది. అందులో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే తాగి గ్లాసు తనే కడిగి బోర్లించాడు. పని ఇప్పించమంటాడనుకున్నాను. ప్లాంటులో ఏదో ఒకటి చూస్తానని మొదలుపెట్టాను కూడా.

“పని కోసం రానేదు బావూ,” అన్నాడు. “సేతులున్నాయి, ఏదో సేసుకుంతాను. ఒక్క ముక్క రాసియ్యండి, మట్టి బాగానే ఉన్నాదని. ఎక్కడికెల్లినా ‘నీ ఊరోడే నిన్ను ఫెయిల్ సేసేడు కదా’ అంతన్నారు. పరాయోడు సేస్తే కక్షనుకుంతారు. మనోడు సేస్తే నిజవనుకుంతారు.”

డైరీ నా వెనక గూట్లో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

“రిపోర్టు పైకి వెళ్ళిపోయింది మేస్త్రీ. ఇంక నా చేతిలో లేదు.”

“అలగేనండి.” లేచాడు. గేటు దాకా వెళ్ళి, ఏదో అడగబోయి మానేశాడు. ఆవేళ నన్ను అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉంది, బండి వెళుతుంటే మర ఎందుకు తిప్పానని. నేను తల ఎత్తనని అతనికి అనుభవం మీద తెలుసు.

అతను వెళ్ళాక మా ఆవిడ అడిగింది, “ఏఁవడిగాడండీ?”

“ఉద్యోగం.”

“ఏదో ఒకటి చూడలేకపోయారా? మన వాడు కదా.”

“మన వాడు కనకే,” అన్నాను. ఆవిడ నా వంక కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కల్వర్టు వెనక మట్టి మళ్ళీ ఎవరో కూరారు, వానలొస్తున్నాయని తొందరగా. అప్పటికి నా అరువు కాలం అయిపోయింది, ప్లాంటుకు వచ్చేశాను. మొదటి వానలకే ఆ ముక్క జానెడు కుంగింది. తరవాత రాజనాందగావ్ వెళ్ళే బస్సులో ఆ చోటికి రాగానే అందరూ సీట్ల మీంచి ఎగిరేవారు. ఒకసారి నా పక్కనున్న ముసలాయన తలకి రాడ్డు తగిలి, “కిస్ గధే నే బనాయా” అని తిట్టాడు. ఏ గాడిద కట్టిందని. కట్టిన గాడిద ఎవరో తెలియదు. కట్టినదాన్ని తవ్వించిన గాడిద తన పక్కనే కూర్చున్నాడని ఆయనకు చెప్పలేదు.

ఎనభైల మధ్యలో, సుపేలాలో కూరలమ్మే టెక్కలి ఆమె మాటల మధ్యలో చెప్పింది, మేస్త్రీ దుర్గ్‌లోనే ఉన్నాడని. స్టేషను వెనక బస్తీ. మేస్త్రీ పని లేదు, ఎవరి చేతికిందో సిమెంటు కలుపుతున్నాడు. తాపీ పట్టమంటే పట్టడట. “‘పోనీలే, నాకు పని ఆనవాలు పోనాది’ అంతాడు బావూ,” అంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు తిండి సయించలేదు. ఇది పెంచి చెప్పడం కాదు. మా ఆవిడ బతికుంటే సాక్ష్యం చెప్పేది.

డైరీలోంచి కాగితం తీశాను. మంచి ఆఫీసు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, రెండు పరీక్షల లెక్కలూ జతచేసి, సంతకం, హోదా, ముద్ర అన్నీ వేసి దుర్గ్ వెళ్ళాను.

మేస్త్రీ గుమ్మంలో కూర్చుని కాళ్ళకంటిన సిమెంటు గీకుతున్నాడు. నన్ను చూసి లేచాడు. మనిషి సగమయ్యాడు. భార్య పోయిందట. లోపల డిగ్రీ చదువుతున్న కూతురుంది. అతను నా మీద ఒక్క నిష్ఠూరం ఆడలేదు. కాగితం ఇస్తే తిరగేసి చూశాడు.

“ఇదేటి బావూ?”

“ఆవేళ నువ్వడిగింది.”

చాలాసేపు పట్టుకుని ఉన్నాడు. “ఇప్పుడెవరికి సూపించాల బావూ ఇది? ఆ కంట్రాటరు నేడు. ఆ మున్షీ పోనాడు.” తరవాత ఏదో తోచినట్టు లోపలికి తిరిగి, “ఇటు రాయే, ఇది సదువు,” అన్నాడు.

ఆ అమ్మాయి ఇక్కడ పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. బడి, కాలేజీ అంతా హిందీయే. నా ఇంగ్లీషు రెండు వాక్యాలు చదివి తల పట్టుకుంది. అప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది. మీ నాన్న చేసిన పని మంచిదేనమ్మా, తరవాత చూస్తే రెండుసార్లూ పాసైంది, అన్నాను. ఆ అమ్మాయి మొహం మారింది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో, వాళ్ళమ్మ ఏమేం అనేదో నాకు తెలియదు. తండ్రి వంక ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

“తో ఫిర్ గల్తీ కిస్‌కీ థీ, అంకుల్?”

మరి తప్పు ఎవరిది అని. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

‘నాది’ అని చెప్పానని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళకైనా మంచి పని చేశారంది. ఆ నమ్మకం ఆవిడతోనే పోయింది. నేను ‘నాది’ అనలేదు. “మిషన్‌లో తేడా వచ్చిందమ్మా. ఒక్కోసారి అలా చూపిస్తుంది,” అన్నాను.

అక్కడ మిషన్ ఏదీ లేదు. ఒక రేకు డబ్బా. దానికి మర తిప్పింది ఎవరో, ఎప్పుడు తిప్పారో చూసిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ నా వంక చూశాడు. అప్పుడు మాత్రం నేను తల ఎత్తే ఉన్నాను. అతనే చూపు దించుకుని కూతురితో అన్నాడు:

“అవునే. మిషనే. బావు ఏటి సేత్తారు పాపం. ఎల్లి టీ ఎట్టు.”

ఆ అమ్మాయి నమ్మింది. టీ పెట్టి తెచ్చింది. తాగాను.

తప్పు నాది. ఇప్పుడు రాశాను, ఇందులో పెంచినది లేదు. ఆ అమ్మాయి ఇది చదవదు, ఆమెకి తెలుగు చదవడం రాదు. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశానని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది.